అక్వేరియంలో అమోనియా ఉన్నట్టుండి కనిపిస్తే: ముందు మూడు ట్యూబులు, తర్వాతే బకెట్

పోయిన ఎండాకాలం మా అపార్ట్‌మెంట్ బోరు ఎండిపోయి, అసోసియేషన్ వాళ్లు రోజుకు రెండు ట్యాంకర్లు తెప్పిస్తున్న రోజులు. శనివారం అలవాటుగా చేపల ట్యాంకులో కొన్ని నీళ్లు మార్చాను. ఆదివారం పొద్దున టెస్ట్ చేస్తే, రెండేళ్లుగా పసుపు (అంటే సున్నా) తప్ప ఇంకో రంగు చూపించని అమోనియా ట్యూబు ఆకుపచ్చగా తిరిగింది. 0.5 పీపీఎం, అంటే లీటరుకు అర మిల్లీగ్రాము. టెన్షన్‌తో సగం నీళ్లు మార్చేశా. సాయంత్రానికి 1.0. సోమవారం ఇంకో సగం మార్చా, ఇంకాస్త పెరిగింది. మంగళవారం ఫిల్టర్ మురికి పట్టిందేమోనని స్పాంజి తీసి కుళాయి కింద తెల్లబడేదాకా ఉతికాను. అమోనియాను తినే బాక్టీరియా ఉండేది ఆ స్పాంజిలోనే. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అది. బుధవారం మా ఆవిడ కాఫీ తాగుతూ, "ఇంతకీ ఆ కుళాయి నీళ్లు ఎప్పుడైనా టెస్ట్ చేశావా?" అంది. చేశా. 2.0 ఉంది.

అంటే నాలుగు రోజులుగా అమోనియా తీసేస్తున్నాననుకుంటూ బకెట్లతో మోసి మరీ పోస్తున్నానన్నమాట. రెండు ఏంజెల్ ఫిష్‌లు పోయాయి.

అందుకే ఇది రాస్తున్నా. రీడింగ్ చూడగానే చెయ్యి బకెట్ మీదికి పోతుంది, అది సహజం. కానీ ఆ అంకె నిజమేనా, ఎక్కడి నుంచి వచ్చింది, ఈ నీళ్లలో అది ఎంత విషం అన్న మూడు సంగతులు తేలకుండా చేసే పని సగం సార్లు తిరగబడుతుంది. తేల్చుకోవడానికి పట్టేది పావుగంట.

ముందు చేపల్ని చూడండి

అంకెను కాసేపు పక్కన పెట్టి రెండు నిమిషాలు ట్యాంకు ముందు కూర్చోండి. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచి గాలి మింగుతున్నాయా, మొప్పలు ఎర్రగా వాచినట్టున్నాయా, రెక్కలు ఒంటికి అంటించుకుని అడుగున పడి ఉన్నాయా, మేత వేస్తే పట్టించుకోవడం లేదా చూడండి. ఇవి కనిపిస్తే పరిశోధనకు టైమ్ లేదు, పీహెచ్ (నీళ్లు ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, 7 మధ్యస్థం) ఒక్కటీ చూసుకుని (ఎందుకో కింద చెప్తా) నేరుగా నీళ్లు మార్చే దశకు వెళ్లిపోండి, కారణం తర్వాత వెతుక్కోవచ్చు. చేపలు మామూలుగా తిరుగుతూ, మిమ్మల్ని చూడగానే మేత కోసం అద్దం దగ్గరికి పరిగెత్తుకొస్తుంటే పావుగంట ఆగినా కొంప మునగదు.

మూడు ట్యూబులు

ఒకటి ట్యాంకు నీళ్లు. రెండోది కుళాయి నీళ్లు, అంటే మీరు నిజంగా ట్యాంకులో పోసేవే. సంపువైతే సంపువి, డ్రమ్ములో నిల్వ పెట్టినవైతే ఆ డ్రమ్మువి. మూడోది డిస్టిల్డ్ వాటర్. ఇన్వర్టర్ బ్యాటరీలో పోయడానికి కొంటామే, అదే. అందులో అమోనియా ఉండకూడదు, కాబట్టి అది మీ కిట్‌కు పెట్టే పరీక్ష.

మూడింటికీ ఒకేసారి, ఒకే పద్ధతిలో చేయండి. నేను వాడేది ఏపీఐ కంపెనీ కిట్. గీత దాకా 5 మి.లీ. నీళ్లు, మొదటి సీసా 8 చుక్కలు, రెండో సీసా 8 చుక్కలు, మూత పెట్టి ఊపి 5 నిమిషాలు ఆగడం. వినడానికి ఇంతే, కానీ తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. సీసాను ఏటవాలుగా పట్టుకుంటే చుక్క సైజు మారుతుంది, నిటారుగా తలకిందులు చేయాలి. ట్యూబును బొటనవేలితో మూసి ఊపకండి, వేలి మీది చెమట కూడా రంగు తెప్పించగలదు. అద్దాలు తుడిచే లిక్విడ్లలో కొన్నిట్లో అమోనియా ఉంటుంది, కాబట్టి టీపాయ్ తుడిచిన గంటకే అదే చేత్తో టెస్ట్‌కు కూర్చోవద్దు. ట్యూబును పరీక్షించబోయే నీళ్లతోనే రెండుసార్లు తొలిచి వాడండి. 5 నిమిషాలంటే 5 నిమిషాలే. ఫోన్ వచ్చిందని అరగంట తర్వాత చూసిన రంగు లెక్కలోకి రాదు.

రంగు చూసేది కిటికీ దగ్గర, పగటి వెలుతురులో. ట్యాంకు మీది ఎల్‌ఈడీ కింద పసుపు కూడా లేత ఆకుపచ్చలాగే కనిపిస్తుంది, 0.25 ఉందని భయపడి రాత్రి పదకొండింటికి ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది సంగతి ఇదే. డిస్టిల్డ్ వాటర్ ట్యూబును పక్కన పెట్టుకుని చూస్తే తేడా ఉందో లేదో కంటికే తెలిసిపోతుంది.

ఇప్పుడు మూడు ట్యూబులూ ఏం చెబుతున్నాయో చూద్దాం. డిస్టిల్డ్ వాటర్ కూడా ఆకుపచ్చగా తిరిగితే కిట్టో ట్యూబో చెడింది. సీసా మీది గడువు తేదీ చూసి కొత్త కిట్ తెచ్చుకోండి, చేపల జోలికి పోకండి. డిస్టిల్డ్ పసుపు, కుళాయి ఆకుపచ్చ అయితే నా కథే మీదీ. కుళాయి, డిస్టిల్డ్ రెండూ పసుపు, ట్యాంకు ఒక్కటే ఆకుపచ్చ అయితే అమోనియా ట్యాంకులోనే పుడుతోంది.

ఇంకో మెలిక ఉంది. కొన్ని కిట్లు పాత నెస్లర్ పద్ధతివి, అవి పసుపు నుంచి నారింజ రంగుకు పోతాయి. క్లోరిన్ తీసే మందులు కొన్నిటితో వీటికి పడదు, మందు వేసిన కాసేపటికి చూస్తే లేని అమోనియాను చూపిస్తాయి. ఆకుపచ్చకు తిరిగే సాలిసిలేట్ కిట్లతో ఆ బాధ తక్కువ. ఉన్నవాటిలో అవే కొనుక్కోండి.

అదే 1.0, ఒకచోట ప్రమాదం, ఇంకోచోట కాదు

కిట్ చూపించేది మొత్తం అమోనియా. నీళ్లలో అది రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అమోనియం, పెద్దగా హాని చేయదు. రెండోది అమోనియా వాయువు రూపం, మొప్పల్ని కాల్చేది ఇదే. ఏది ఎంతన్నది పీహెచ్, వేడి కలిసి నిర్ణయిస్తాయి. నీళ్లు 25 డిగ్రీల్లో, పీహెచ్ 7 దగ్గర ఉంటే మొత్తంలో విషపు రూపం 0.6 శాతం కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే దాదాపు 5.4 శాతం. పీహెచ్ 8.5, నీళ్లు 32 డిగ్రీలు, అంటే మే నెలలో ఏసీ లేని హాల్లో పెట్టిన ట్యాంకు అనుకోండి, 22 శాతం దాటుతుంది.

కిట్‌లో 1.0 కనిపించిందనుకుందాం. పీహెచ్ 7 ట్యాంకులో అసలు విషం 0.006 పీపీఎం దాకా, పీహెచ్ 8 ట్యాంకులో 0.05, ఆ మే నెల ట్యాంకులో 0.22. విషపు రూపం 0.05 చేరితే మొప్పలు దెబ్బతినడం మొదలవుతుంది, 0.02 లోపు ఉంచుకుంటే నిశ్చింత. కాబట్టి అమోనియా చూసిన ప్రతిసారీ పీహెచ్, టెంపరేచర్ కూడా రాసి పెట్టుకోండి. మన దగ్గర బోరు నీళ్లు చాలాచోట్ల గట్టి నీళ్లు, పీహెచ్ 8కి అటూ ఇటూ ఉంటుంది, అందుకని మనకు 0.5 కూడా చిన్న అంకె కాదు. మొక్కలు దట్టంగా ఉన్న ట్యాంకుల్లో మధ్యాహ్నానికి పీహెచ్ పెరుగుతుంది, రోజూ ఒకే వేళకు చూస్తేనే పోలిక కుదురుతుంది.

నీళ్లు మార్చడం

కుళాయి నీళ్లు శుభ్రంగా ఉన్నాయని తేలి, ట్యాంకు పీహెచ్, కుళాయి పీహెచ్ దగ్గర దగ్గరగా ఉంటే సగం నీళ్లు మార్చండి. లెక్క సులువే, 2.0 ఉంటే 1.0 అవుతుంది, మళ్లీ సగం మారిస్తే 0.5. పోసే నీళ్ల వేడి ట్యాంకుతో సమానంగా ఉండాలి. ఎండాకాలం మధ్యాహ్నం ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనట్టు ఉంటాయి, అవి పోస్తే అమోనియా కంటే ముందు వేడే చేపల పని పడుతుంది. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ తీసే మందు వేయడం మర్చిపోవద్దు, క్లోరిన్ ఫిల్టర్లో మిగిలిన మంచి బాక్టీరియాను కూడా చంపుతుంది.

ఎయిర్ పంపు ఉంటే ఫుల్లుగా పెట్టండి. దెబ్బతిన్న మొప్పలకు ఆక్సిజన్ అందడం కష్టం, ఫిల్టర్లో అమోనియాను తినే బాక్టీరియాకూ ఆక్సిజన్ కావాలి. మేత ఒకటి రెండు రోజులు పూర్తిగా మానేయండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపకు రెండు రోజుల పస్తు లెక్కలోది కాదు, "పాపం ఆకలి" అని చిటికెడు వేసే ఇంట్లో పెద్దవాళ్లకే ముందు నచ్చజెప్పాలి.

ఇప్పుడు పీహెచ్ ఒక్కటీ చూసుకోమని ఎందుకన్నానో చెప్తా. ఆర్‌ఓ నీళ్లు శుభ్రమైనవని వాటితోనే ట్యాంకు నింపేవాళ్లున్నారు. ఆ నీళ్లలో పీహెచ్‌ను నిలబెట్టే బైకార్బొనేట్ దాదాపు ఉండదు. అమోనియాను తినే బాక్టీరియా పని చేస్తున్నకొద్దీ ఆమ్లం పుడుతుంది, 1 మి.గ్రా. అమోనియా నైట్రోజన్‌ను మార్చడానికి 7 మి.గ్రా.కు పైగా క్షారత, అంటే పీహెచ్‌ను నిలబెట్టే ఆ నిల్వ, ఖర్చవుతుంది. కొన్ని నెలలకు నిల్వ అయిపోయి పీహెచ్ 6కు పడిపోతుంది, అక్కడ బాక్టీరియా పని దాదాపు ఆపేస్తుంది, అమోనియా 3, 4 పీపీఎంకు చేరుతుంది, కానీ అంతా అమోనియం రూపమే కాబట్టి చేపలు ఏమీ ఎరగనట్టు తిరుగుతుంటాయి. ఈ స్థితిలో మీరు కంగారుపడి పీహెచ్ 8 ఉన్న బోరు నీళ్లు సగం పోశారంటే ఉన్న అమోనియంలో కొంత నిమిషాల్లో విషంగా మారుతుంది. "నీళ్లు మార్చిన గంటకే చచ్చిపోయాయి" అనే కథల్లో చాలా వాటి వెనక ఉన్నది ఇదే. ఇలాంటప్పుడు ఒకేసారి సగం కాదు, పదో వంతు చొప్పున, కొన్ని గంటల ఎడంతో, రెండు మూడు రోజులు. అమోనియా దిగాకే పీహెచ్ సంగతి. ఆల్చిప్పల ముక్కలు ఒక గుడ్డ సంచిలో కట్టి ఫిల్టర్లో పెడితే నెమ్మదిగా అదే లేస్తుంది.

కుళాయి నీళ్లలోనే ఉంటే

ముందుగా, ఆ సంగతి అసోసియేషన్ వాళ్లకు చెప్పండి, ఎందుకంటే బోరు నీళ్లలో గానీ ట్యాంకర్ నీళ్లలో గానీ అమోనియా ఉందంటే దగ్గరలో మురుగునీరు కలుస్తోందేమో అన్న అనుమానం ఎప్పుడూ ఉంటుంది. తాగే నీళ్లకు మన ఐఎస్ 10500 ప్రమాణం పెట్టిన హద్దు, నైట్రోజన్ లెక్కన, లీటరుకు 0.5 మి.గ్రా. మా వాళ్లు ట్యాంకర్ మార్చేదాకా వదలలేదు నేను, చేపల పిచ్చోడని పేరొచ్చినా సరే.

ఈలోగా ట్యాంకు మాటేమిటంటే, ఫిల్టర్ బాగా కుదురుకున్న ట్యాంకు కుళాయిలోని 1 పీపీఎంను ఒకట్రెండు రోజుల్లో తినేయగలదు. కాబట్టి వారానికోసారి సగం మార్చే బదులు రెండ్రోజులకోసారి పదో వంతు మార్చండి. డ్రమ్ములో నీళ్లు పట్టి, అందులో ఎయిర్ స్టోన్, జియోలైట్ (అమోనియాను పట్టుకునే ఒక రకం రాయి) సంచి వేసి ఒక రోజు ఉంచి పోస్తే ఇంకా మంచిది. జియోలైట్ వాడేటప్పుడు ఉప్పు వేయకూడదు, ఉప్పు తగిలితే పట్టుకున్న అమోనియానంతా మళ్లీ వదిలేస్తుంది. ఏ అక్వేరియం షాపుకు వెళ్లినా "గుప్పెడు కల్లుప్పు వేయండి సార్, అన్నీ సర్దుకుంటాయి" అంటారు కదా, ఆ సలహా ఇక్కడ పులి మీద పుట్ర.

డాలస్‌లో ఉండే మా కజిన్ ట్యాంకుది వేరే కథ. అక్కడ నీళ్లను క్లోరిన్‌తో కాక క్లోరమైన్‌తో శుద్ధి చేస్తారు, అంటే క్లోరిన్, అమోనియా కలిసిన పదార్థం. క్లోరిన్‌లాగా బకెట్‌లో ఒక రాత్రి ఉంచితే పోయేది కాదది. క్లోరిన్ తీసే హైపో లాంటి మామూలు మందు దానిలోని క్లోరిన్ ముక్కను తీసేసి అమోనియాను అలాగే నీళ్లలో వదిలేస్తుంది, కాబట్టి ప్రతి నీళ్ల మార్పు తర్వాతా 0.5, 1.0 చూపించడం వింతేమీ కాదు. అలాంటి ఊళ్లలో అమోనియాను కూడా పట్టి ఉంచుతుందని లేబుల్ మీద రాసిన కండిషనర్ (నీళ్లను శుద్ధి చేసే మందు) తీసుకోవాలి. అది వేశాక కూడా సాలిసిలేట్ కిట్ రంగు తగ్గదు, పట్టి ఉంచిన దాన్ని కూడా కలిపి చూపిస్తుంది కాబట్టి. అది చూసి మళ్లీ మళ్లీ డోసు వేయకండి. నా మటుకు నేను కండిషనర్‌ను ఒక రోజు గడువు ఇచ్చే వస్తువుగానే చూస్తాను. ఆ గడువులో పని చేయాల్సింది ఫిల్టరే.

ట్యాంకులోనే పుడుతుంటే

మొదట చేపల్ని లెక్కపెట్టండి. ఒకటి తగ్గితే దొరికేదాకా వెతకండి. సక్కర్ ఫిష్ చచ్చిపోయి చెక్క దుంగ వెనక ఇరుక్కుంటే బయటికి కనిపించదు. ఫిల్టర్ వెనక, హీటర్ వెనక, మూత సందులో చూడండి. నత్తల్ని కూడా చూడాలి. పెద్ద ఆపిల్ నత్త చచ్చిందా నిద్రపోతోందా అని అనుమానమొస్తే బయటికి తీసి వాసన చూడండి, చచ్చిన నత్త వాసన ఒకసారి తగిలితే జన్మలో మళ్లీ అనుమానం రాదు.

తర్వాత మేత. 40 శాతం ప్రొటీన్ ఉన్న గుళికలు ఒక్క గ్రాము తినకుండా మిగిలి పూర్తిగా కుళ్లిపోయాయనుకోండి. అందులో నైట్రోజన్ దాదాపు 64 మి.గ్రా. ఉంటుంది. రెండడుగుల ట్యాంకులో పట్టేది 50 లీటర్లు అనుకుంటే అమోనియా దాదాపు 1.5 పీపీఎం పెరుగుతుంది. ఒక్క గ్రాముకు! ఊరెళ్తూ పక్కింటి పిల్లాడికి డబ్బా అప్పగించి వెళ్తే ఏమవుతుందో దీన్ని బట్టి ఊహించుకోండి. నేనిప్పుడు ఊరెళ్తే రోజుకో పొట్లం కట్టి డేట్ రాసి ఇస్తాను, డబ్బా మాత్రం బీరువాలో. రాళ్ల సందుల్లో మిగిలిన మేతను సైఫన్ పైపుతో లాగేయండి, కానీ ఒకే రోజు రాళ్లన్నీ కెలికేయొద్దు, అడుగున పేరుకున్న మురికి ఒక్కసారిగా లేస్తుంది.

మూడోది ఫిల్టర్, అసలు నేరస్థుడు చాలాసార్లు ఇక్కడే దొరుకుతాడు, వాడు మనమే కాబట్టి. అమోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా నీళ్లలో ఈదుతూ ఉండదు, స్పాంజి మీదా రింగుల మీదా జిగురుగా అంటుకుని ఉంటుంది. దాన్ని క్లోరిన్ నీళ్లలో ఉతికినా, స్పాంజి నల్లబడిందని పారేసి మొత్తం కొత్తది పెట్టినా రెండు మూడు రోజుల్లో అమోనియా కనిపిస్తుంది. ఉతకాల్సి వస్తే ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే రెండు మూడుసార్లు పిండి పెట్టేయండి, తెల్లబడనక్కర్లేదు. కొత్త స్పాంజి పెట్టాలంటే పాతది పక్కనే ఒక నెల ఉంచండి.

కరెంటు కోత కూడా ఇందులోకే వస్తుంది. కానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట పెట్టే మూసిన డబ్బా ఫిల్టర్) కొన్ని గంటలు ఆగితే లోపలి బాక్టీరియాకు ఆక్సిజన్ అందక చావడం మొదలవుతుంది, కరెంటు రాగానే ఆ కుళ్లు నీళ్లు నేరుగా ట్యాంకులోకి వస్తాయి. కోత ఎక్కువసేపు ఉంటే ఫిల్టర్ తెరిచి, లోపలి నీళ్లు పారబోసి, స్పాంజినీ రింగుల్నీ ట్యాంకు నీళ్లలో తొలిచి ఆ తర్వాతే స్విచ్ వేయండి. స్పాంజి ఫిల్టర్‌కు ఈ బెడద తక్కువ. ఎయిర్ పంపును ఇన్వర్టర్ లైన్లో పెట్టేసుకుంటే ఆ కాస్తా ఉండదు.

మిగిలినవి తొందరగా చెప్పేస్తా. ఈమధ్య యాంటీబయాటిక్ గానీ, నీలం చుక్కలు, అదే మిథిలీన్ బ్లూ గానీ ట్యాంకులో వేశారా? రెండూ ఫిల్టర్ బాక్టీరియాను దెబ్బతీయగలవు, అందుకే మందులు వేరే టబ్బులో వేయాలి. ఒకేసారి అరడజను గోల్డ్ ఫిష్ తెచ్చి వేశారా? బాక్టీరియా ఉన్న చేపలకు సరిపడా మాత్రమే ఉంటుంది, కొత్త బరువుకు పెరగడానికి రోజులు పడుతుంది. మొక్కల కోసం అమ్మే పోషకాల మట్టి కొత్తగా వేశారా? అందులో కొన్ని రకాలు మొదటి వారాల్లో వాటంతటవే అమోనియా వదులుతాయి. ట్యాంకే కొత్తదైతే ఏదో తప్పు జరిగిందని కూడా కాదు, ఫిల్టర్ కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పట్టడం మామూలే.

తర్వాతి రెండు వారాలు

రోజూ ఒకే వేళకు అమోనియా, నైట్రైట్, పీహెచ్ చూసి ఒక కాగితం మీద రాయండి. అమోనియా 0.5 దాటిన రోజున పైన చెప్పిన పద్ధతిలో నీళ్లు మార్చండి. పీహెచ్ 8 దాటినవాళ్లు 0.25కే మార్చడం మంచిది. దెబ్బతిన్న ఫిల్టర్‌కు అన్నిటికంటే మంచి మందు తెలిసినవాళ్ల ఆరోగ్యమైన ట్యాంకులో నెలల తరబడి నడిచిన స్పాంజి ముక్క. తడిగానే తెచ్చి మీ ఫిల్టర్లో పెట్టేయండి. సీసాల్లో అమ్మే బాక్టీరియా కొన్ని పని చేస్తాయి, కొన్ని చేయవు, షాపులో ఎండలో ఎన్నాళ్లున్నాయో మనకు తెలియదు, నేనైతే వాటి మీద డబ్బు పెట్టను.

అమోనియా దిగుతున్నప్పుడు నైట్రైట్ పైకి లేస్తుంది, అది చూసి మళ్లీ మొదటికొచ్చిందని కంగారు పడొద్దు, గొలుసులో రెండో కొక్కెం అది. కానీ అదీ విషమే, చేప రక్తం ఆక్సిజన్‌ను మోయలేకుండా చేస్తుంది. షాపువాడి ఉప్పు సలహా పనికొచ్చేది ఇక్కడ: 40 లీటర్లకు ఒక టీస్పూను అయొడిన్ లేని ఉప్పు, మగ్గులో కరిగించి పోస్తే అందులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల్లోంచి లోపలికి పోనివ్వదు. జియోలైట్ ఉంటే ముందు దాన్ని తీసేయాలి.

మేత మూడో రోజు నుంచి, మామూలుగా వేసేదాంట్లో మూడో వంతు, నిమిషంలో తినేసేంత. నైట్రైట్ కూడా వరసగా మూడు రోజులు సున్నా చూపించాక పూర్తి మేతకు రావచ్చు. కొత్త చేపల్ని మాత్రం ఇంకో నెల దాకా తేవద్దు. నేను నా ఏంజెల్స్ స్థానంలో మళ్లీ రెండు తెచ్చింది వానలు పడి బోరులో నీళ్లొచ్చాకే, అది కూడా ఆ నీళ్లను ఒక ట్యూబులో పోసి రంగు చూసుకున్నాక.